తోడిరౌతుల శోకము

ప్రమాదముతో ముడివడిన ప్రతివృత్తికిని శోకమునం దొక ప్రత్యేకరీతి కలదు. వేటకు పోయిన పడవలలో నొకటి తిరిగి రానినాడు తీరమున నిలిచి యేడ్చువారిలో, మఱునాడు తెల్లవాఱకమునుపే ఆ సముద్రముమీదికే పోవలసినవారు కొందఱుందురు. తాటిచెట్టునుండి జాఱిపడి మరణించినవాని పాడె మోయువారిలో మోకు కట్టి చెట్లెక్కువారే పలువురు. వీరి దుఃఖము మన దుఃఖమువంటిది కాదు. మనము పోయినవానిని గూర్చి మాత్రమే యేడ్తుము. వారు పోయినవానిని చూచుచు తమ్ము చూచుకొందురు. అయినను వారికి జీవనాధారమను సమాధానమొకటి కలదు. కడుపుకొఱకు పోయినాడని చెప్పినచో లోకము మాఱుమాటాడదు.

అట్టి సమాధానమైనను లేక, కేవలము ప్రీతిచేతనే ప్రమాదమును వరించినవారి శోకమెట్టిది? మోటారుసైకిళ్లమీద దూరప్రదేశములు తిరుగుటయే వ్రతముగా పెట్టుకొన్న యువకులు నేడు మన పట్టణములలో సంఘములుగా నేర్పడియున్నారు. వారిలో నొకడు దారిలో మరణించినప్పుడు తక్కినవారందఱు పట్టపగలే దీపములు వెలిగించుకొని, మోటారుసైకిళ్లమీదనే అతని శవమువెంట పోవుదురు. చంపిన వస్తువునే వాహనముగా చేసికొని చచ్చినవానిని సాగనంపుట చూచువారికి వింతగా నుండును. కొందఱికి రోతగా గూడ నుండును. అట్టి ఊరేగింపొకటి మా వీధిని పోవుచుండగా నా ప్రక్కన నిలిచిన పెద్దమనిషి యొకడు "ఈ యేడ్పులో నిజమెంత?" అని నన్నడిగెను. నేనప్పుడు బదులు చెప్పలేకపోయితిని. అది చిన్న ప్రశ్న కాదని తరువాత తెలిసినది. మిత్రుని మృతికి కారణమైన దానిని విడువక ప్రేమించుచున్నవాడు ఆ మిత్రునికై శోకించుట ధర్మమా, దంభమా?

ఈ ప్రశ్నను మా ఊరివారికంటె ఘోరముగా నెదుర్కొన్న కుటుంబమొకటి ఉత్తర ఐర్లండులో కలదు. ఆంట్రిం మండలమున బాలిమనీయను చిన్నపట్టణము వారిది. జోయీ డన్లప్ అనునతడు 1952వ సంవత్సరమున జన్మించి, మోటారుసైకిలు పందెములలో తనకాలమున సాటిలేనివాడని పేరొందెను. అయినను అతని యునికిలో వీరుని యాడంబర మేమియు లేదట. ఊరిలో ఒక పానశాల నడుపుకొనుచు, తన యంత్రములను చాలవఱకు తన చేతులతోనే సవరించుకొనుచు, సభలలో మాటాడుటకు సిగ్గుపడుచు నుండెడివాడు. తన బండిలో ఆహారమును, బట్టలను నింపుకొని రుమేనియా, బోస్నియా, అల్బేనియా దేశములలోని అనాథబాలుర యొద్దకు తానే తోలుకొని పోయెడివాడు. 1996వ సంవత్సరమున అతనికి వచ్చిన బ్రిటిషు బిరుదు ఆ పరోపకారమునకు వచ్చినదే కాని పందెములకు వచ్చినది కాదు. మాన్ ద్వీపపు పందెములలో అతడు గెలిచినవి 26. అందు మూడు తన నలుబది యెనిమిదవయేట, 2000 సంవత్సరము జూను మాసమున గెలిచినవి. మఱుసటి నెల 2వ తేదీన ఎస్టోనియా దేశపు తాలిన్ నగరమునొద్ద, వానకు తడిసిన బాటమీద, ముందంజలో నుండగా బండి జాఱి, చెట్లను కొట్టుకొని మరణించెను.

ఐదు దినములకు జరిగిన అంత్యక్రియకు వచ్చినవారు ఇంచుమించు 50,000 మందియని వ్రాసిరి. ఆ ఊరి జనసంఖ్యకు అది యనేకరెట్లు. ఆ జూలై మాసముననే డ్రంక్రీయను చోట మతపక్షముల ఊరేగింపునుగూర్చి ఆ దేశమున అల్లరులు చెలరేగుచుండెను. ప్రొటెస్టంటులును కేథలిక్కులును ఒకరి వీధిలో నొకరు నడువ వెఱచు దినములలో, ఆ రెండుమతములవారును ఒక పందెగాని శవపేటికవెంట కలిసి నడచిరి. దూరప్రాంతములనుండి రౌతులు మోటారుసైకిళ్లమీద వచ్చిరి. రాజ్యతంత్రజ్ఞులు కూర్పలేని కూటమిని ఒక మృతుడు కూర్చెను. ఈ ఒక్కపూట జూచిన వాడెవ్వడును ఆ శోకమును దంభమనలేడు.

ఇక వారి పందెపుబాట యెట్టిదో కొంత తెలిసికొనవలయును. మాన్ ద్వీపపు కొండబాట పందెమునకై కట్టిన మైదానము కాదు. తక్కినదినములలో పాలబండ్లును బడిపిల్లలును పోవు దారియే అది. ఇంచుమించు 60 కిలోమీటర్ల చుట్టు. ప్రక్కల రాతిగోడలు, దీపస్తంభములు, ఇండ్ల గుమ్మములు. 1911 మొదలు నేటివఱకు ఆ బాటమీద మరణించిన రౌతులు 250 మందికి మించియున్నారు. ఈ లెక్క దాచిపెట్టినది కాదు. పోవు ప్రతివాడును ఎఱిగియే పోవును.

ఎఱిగి విడిచినవారును గలరు. 1972వ సంవత్సరమున జిల్బెర్తో పార్లొత్తియను ఇటలీ దేశీయుడు ఆ బాటమీద వానలో పడి మరణించెను. అతని దేశమువాడును మిత్రుడునైన జాకొమో అగొస్తీని అప్పటి రౌతులలో అగ్రగణ్యుడు. ఆయేడు పెద్దపందెమును గెలిచినవాడు. అతడు ఆ గెలుపుతోనే ఆ బాటకు స్వస్తి చెప్పి, మఱి పందెమునకు పోనని ప్రతిజ్ఞచేసి నిలుపుకొనెను. మఱికొందఱు ప్రసిద్ధులు అతనిదారి పట్టిరి. 1976 తరువాత ఆ పందెము ప్రపంచవిజేతృత్వపు లెక్కనుండి తొలగిపోయెను. అనగా ఒక్క మిత్రుని మరణము ఆ పందెపు గౌరవమును సగము తగ్గించెను. ఇది విడిచిపెట్టు శోకము.

విడువని శోకము డన్లప్ ఇంటనే కలదు. జోయీ తమ్ముడు రాబర్టు. ఇతడును పందెగాడే. 1994లో చక్రము విఱిగి పడి కాలుసేతులు చెడియు, మఱల నాలుగేండ్లకు మాన్ ద్వీపమున పందెము గెలిచినవాడు. 2008 మే 15వ తేదీన తమ జన్మభూమిలోని 'నార్త్ వెస్ట్ 200' అను పందెమునకు ముందు సాధనచేయుచు మరణించెను. ఇతని కుమారులు విలియమును మైకేలును. తండ్రి మరణించిన రెండవనాడు, మే 17న, ఆ బాటమీదనే ఆ తరగతి పందెమునకే అన్నదమ్ములిద్దఱును బండ్లు తీసిరి. నిర్వాహకులు వలదన్నను వినలేదు. అన్నగారి బండి మొదటనే చెడిపోయెను. తమ్ముడు మైకేలు పందెము గెలిచెను. తండ్రి శవమింకను ఇంటనే యున్నది.

ఈ వృత్తాంతమును మొదట చదివినప్పుడు నా మనస్సు అగొస్తీనివైపు పరుగెత్తినదని యొప్పుకొందును. విడిచినవాడే శోకించినవాడని తోచెను. ఇట్టి తలంపు మావంటి ఉపాధ్యాయులకు సహజము. మేము ప్రతికథనుండియు ఒక నీతిని పిండుకొని బాలురకు బట్టీయము వేయించుటకు అలవాటుపడినవారము. పిమ్మట ఆలోచించినకొలదిని నిశ్చయము సడలినది. తండ్రికి పిండము పెట్టవలసిన దినమున పెట్టక మానిన కుమారుని మనము మెచ్చుకొనము. ఆ ఇంట తండ్రి కొడుకునకు చెప్పిన విద్య ఒక్కటే. మాటలు నేర్వని ఇంటిలో పుట్టినవాడు ఏ భాషలో నేడ్చును? రెండునాళ్లక్రిందట తండ్రిని మ్రింగిన బాటను కన్నులు మూయక దాటుటయే అతని తిలోదకమైయుండవచ్చును. ఔనని నేను ప్రమాణము చేయలేను. కాదని త్రోసివేయుటకును నాకు ధైర్యము లేదు.

అయినను కథ అక్కడ ముగియలేదు. పదియేండ్లకు, 2018 జూలైలో, స్కెరీస్ అను చోట అన్న విలియము పందెమునకు ముందు సాధనచేయుచు మరణించెను. రాబర్టు భార్య ఆ విధముగా మగనిని, కొడుకును పోగొట్టుకొనెను. మఱియొక కొడుకు మైకేలు పందెములు మానలేదు; 2024లో పెదతండ్రి 26 గెలుపుల లెక్కనుగూడ దాటెను. లోకము చప్పట్లు చరచినది. ఆ ఇల్లాలి మనస్సున నేమున్నదో ఊహించుటకుగూడ నాకు అధికారము లేదు. కాని యొకమాట అడుగవచ్చును. విడిచిన శోకమైనను విడువని శోకమైనను, ఈ రెండును రౌతుల శోకములే. బండి యెక్కనివారి శోకమెక్కడ?

మహాభారతమున ఈ రెండు శోకములును వేఱువేఱుగా చూపబడినవి. అభిమన్యుడు పడినప్పుడు తోడియోధుల శోకము రాత్రి తెల్లవాఱకమునుపే ప్రతిజ్ఞగా మాఱినది. అర్జునునకు సైంధవుడు దొరికెను. దోషి యొకడు దొరికినచో యోధుని దుఃఖమునకు దారి యేర్పడును. మోటారుసైకిలు రౌతులకు సైంధవుడు లేడు. కావున వారు విధిని నిందింతురు. లేదా మృతుని వీరునిగా కీర్తింతురు. స్త్రీపర్వమునందలి శోకము వేఱు. తిక్కన తెనిగించిన ఆ పర్వమును మన ఇండ్లలో చదువువారు తక్కువ, అమంగళమని ప్రక్కనుంచుదురు. గాంధారి వ్యాసునివలన దివ్యదృష్టి పొంది రణరంగమును చూచును. ఎవడెక్కడ పడెనో, ఎట్లు పడెనో, ఏ యవయవ మెటులున్నదో ఒక్కొక్కరినే చూచి చెప్పును. అక్కడ వీరస్వర్గమను మాటకు చోటు లేదు. కడపట కృష్ణునితో, ఆపగలిగియుండియు ఏల ఉపేక్షించితివని యడిగి, శపించును. ఆమెకు కావలసినది ఓదార్పు కాదు. ఎట్లు జరిగినదో, ఎవరాపవలసియుండిరో తెలియవలయును.

ఇక నా సొంతవిషయము కొంత చెప్పక తీఱదు. పైని చెప్పిన మా వీధి ఊరేగింపు నా పూర్వశిష్యుడొకనిది. ఇరువదిమూడేండ్లవాడు. పుష్యమాసమున మంచు చూచివత్తమని నలుగురు మిత్రులతో నర్సీపట్నము మీదుగా లంబసింగికి పోయి, తిరిగివచ్చుచు ఘాటుబాటలో పడి మరణించెను. ఊరిలో నాలుగుచోట్ల వానికి ఫ్లెక్సీ పటములు కట్టిరి. పటములో వాడు బుల్లెట్టుమీద కూర్చుండి నవ్వుచున్నాడు. శ్మశానమునొద్ద చితికి నిప్పంటించునపుడు మిత్రులందఱు ఒక్కసారిగా యంత్రములను గర్జింపజేసిరి. పురోహితుడు చెవులు మూసికొనెను. అది అనాగరకమని పెద్దలు విసుగుకొనిరి. నాకు మాత్రము ఇటలీవాడైన మార్కో సిమొన్చెల్లి తండ్రి జ్ఞప్తికి వచ్చెను. 2011లో మలేషియాదేశపు సెపాంగు పందెమున ఆ యువకుడు ఇరువదినాలుగేండ్లకే మరణింపగా, రెండువారములకు స్పెయినుదేశపు వలెన్సియాలో తోడిరౌతులు కూడినప్పుడు, నిమిషము మౌనము వలదు, నిమిషము రొద చేయుడని తండ్రియే కోరెను. రౌతులకు మౌనము అలవాటైన భాష కాదు. ఆ రొద ఏడ్పేయని నేనంగీకరింతును.

నాకు అంగీకారము కానిది మఱియొకటి. అది నా నోటనే వచ్చినది. పదునొకండవనాటి సంతాపసభలో నన్ను మాటాడుమనిరి. అట్టిచోట్ల అందఱు చెప్పుమాటనే నేనును చెప్పితిని: వాడు తనకు ఇష్టమైన పని చేయుచు పోయినాడు, అట్టి మరణము కొందఱికే లభించునని. మిత్రులు తలలూపిరి. సభ ముగిసినపిదప వాని తల్లి నాయొద్దకు వచ్చి, కన్నీరు లేకయే యిట్లనెను: "వాడికి సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినడం కూడా ఇష్టమేనండి, మాస్టారూ."

ఆ మాట విని ఇంటికి వచ్చిన పిమ్మట నేను చెప్పినది ఎంత తప్పో తెలిసికొంటిని. రౌతు ప్రేమించినది పరుగును, మరణమును కాదు. పరుగెత్తువాడు రేపును పరుగెత్తవలయుననియే కోరును. ఆ రెంటిని ఒకేవాక్యమున కట్టి, మరణముగూడ వాడు కోరుకొన్న దానిలో భాగమేయన్నట్లు చెప్పుట మృతునిమీద నింద. ఆ మాటవలన ఊఱట పొందునది మృతుడు కాడు, తల్లి కాదు. రేపు అదేబాటను పోవలసిన మిత్రులు. వారికి ఊఱట కలిగినచో తప్పేమియని యడుగవచ్చును. తప్పేమనగా, అందమైన మరణమునకు కారణము వెదకుట యెవరికిని తోచదు.

కారణము వెదకిన శోకమొకటి చరిత్రలో నున్నది. అరేబియా లారెన్స్ అని ప్రసిద్ధి కెక్కిన ఇంగ్లీషు సైనికుడు మోటారుసైకిళ్లమీద మోహము కలవాడు. బ్రౌ సుపీరియర్ అను జాతి బండ్లు ఒకదాని తరువాత నొకటిగా ఏడు కొనెను. 1935 మే 13న డార్సెట్ సీమలో తన ఇంటిదాపున, సైకిళ్లమీద వచ్చుచున్న ఇద్దఱు బాలురను తప్పించబోయి పడి తల పగులగొట్టుకొనెను. తలమీద శిరస్త్రాణము లేదు. ఆఱుదినములు తెలివిలేక పడియుండి నలుబదియాఱవయేట మరణించెను. చర్చిల్ మొదలగువారు అంత్యక్రియకు వచ్చిరి. పత్రికలు వీరగాథలు వ్రాసినవి. అతని పడకయొద్దకు పిలువబడిన వైద్యులలో హ్యూ కెయిరన్స్ అను మస్తిష్కశస్త్రవైద్యుడొకడు. ఇతడు గాథలు వ్రాయలేదు. లెక్కలు తీసెను.

యుద్ధమునకు ముందటి 21 నెలలలో బ్రిటనుబాటలమీద మరణించిన మోటారుసైకిలువారు 1,884 మంది. యుద్ధము మొదలైన 21 నెలలలో 2,279 మంది. ఈ లెక్కను, తాను చికిత్సచేసిన తలగాయముల వివరములను చేర్చి 1941లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. శిరస్త్రాణము ధరించి గాయపడినవారు అతని కంటబడినది ఏడుగురే, ఏడుగురును బ్రదికిరి. ఆయేడు నవంబరులో బ్రిటిషుసైన్యము మోటారుసైకిలు భటులకెల్ల శిరస్త్రాణము తప్పనిసరి చేసెను. సామాన్యప్రజలకు ఆ శాసనము వచ్చుటకు 1973 వఱకు పట్టినది; కెయిరన్స్ దానిని చూడకయే 1952లో పోయెను. ఇందులో మఱొక వింతయు కలదు. పందెగాండ్రు లారెన్సుకు ఇరువదియొక్కయేండ్లు ముందే, 1914లోనే, ఎరిక్ గార్డ్నర్ అను వైద్యుని పూనికచే మాన్ ద్వీపమున శిరస్త్రాణము ధరించిరి. తమలో నెఱిగిన సత్యము వీధిలోని రౌతునకు చేరుటకు ఒక తరము పట్టినది. తోడివానినిగూర్చి యేడ్చుటలో ముందుండినవారు, తామెఱిగినది తోడివానికి చెప్పుటలో వెనుకబడిరి.

మన దేశమున ఈ శాసనము 1988 నాటి మోటారువాహనముల చట్టములోనే యున్నది. 2022వ సంవత్సరమున మన దారులమీద మరణించినవారు 1,68,491 మంది. అందు 100కి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారు. శిరస్త్రాణము లేక పోయినవారు 50,029. వీరిలో మంచు చూడబోయినవారు కొలదిమంది. పాలబిందెలు కట్టుకొని పోయినవారు, రాత్రిబేరము ముగించుకొని వచ్చుచున్నవారు, ఆలుబిడ్డలను వెనుక నెక్కించుకొన్నవారు తక్కినవారు. వారికై పట్టపగలు దీపములు వెలిగించినవారు లేరు. తోడిరౌతను మాటకు మన యువకసంఘములు ఇచ్చిన యర్థము మిక్కిలి ఇఱుకైనది.

సంతాపసభ జరిగిన వారమునకు, రాత్రి తొమ్మిదిగంటలవేళ, ఆ నలుగురిలో నొకడు మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చుండెను. చాలసేపు మాటాడలేదు. తరువాత చెప్పెను. పైన టీ త్రాగునప్పుడు, ఘాటు దిగి ముందుగా నర్సీపట్నము చేరినవానికి తక్కినవారు భోజనము పెట్టవలయునని పందెము వేసికొనిరట. బయలుదేఱునప్పుడు చచ్చినవాడు శిరస్త్రాణము తలమీద పెట్టుకొన్నాడు కాని గడ్డముక్రింది పట్టీని బిగింపలేదు. ఇది ఇతడు చూచెను. "చెప్పడానికి అరనిమిషం పడుతుందండి. ఆ అరనిమిషంలో వాడు ముందుపోతాడని చెప్పలేదండి" అనెను. పట్టీ బిగింపని శిరస్త్రాణము తలకు అలంకారమే. లోపలి మెత్తనిపొర దెబ్బను తాను మ్రింగి తలను కాపాడును. కాని దెబ్బతగులు క్షణమున అది తలమీద నుండవలయును గదా. ఇతనికి దొరికినది పడినవానికి పదిగజములదూరమున, చెక్కుచెదరక.

"ఇది వాళ్లమ్మగారితో చెప్పమంటారా, మాస్టారూ?" అని యడిగెను.

వలదంటిని. చెప్పి లాభమేమి, పోయినవాడు రాడు, ఆమె దుఃఖమునకు మఱియొక బరువు చేర్చుటయేనంటిని. అది కరుణయనియే అప్పుడు నమ్మితిని. ఇప్పుడు ఆలోచించినచో, ఆ బాలుడును ఆమెయు ముఖాముఖి నిలుచు దృశ్యమును ఊహించుటకు నేను జంకితిననియు, నా జంకునకు కరుణయను పేరు పెట్టితిననియు తెలియుచున్నది. ఇష్టమైన పని చేయుచు పోయినాడను మాటయు ఈ మాటయు ఒక్కచోటనుండి వచ్చినవే.

నాలుగునెలలు గడచెను. ఒకనాడు బడి విడుచువేళ ఆ తల్లి వచ్చి మాధవీలతక్రింద నిలిచియుండెను. "మాస్టారూ, ఎలా జరిగిందని అడిగితే పిల్లలు నలుగురూ నేల చూస్తున్నారండి. వాళ్లకేదో తెలుసు. మీరైనా అడిగి చెప్పండి" అనెను. నేనును నేల చూచితినేమో. ఆమె నన్ను చూచిన చూపులో అట్టిదేదో కలదు. ఆ సాయంత్రమే ఆ బాలుని పిలిపించితిని. నేను చెప్పిన సలహా తప్పనియు, ఆమె శపించినను కొట్టినను పడవలయుననియు, వలయునన్నచో నేనును వచ్చెదననియు చెప్పితిని. వాడు ఒంటరిగా పోయెదననెను. అయినను వానివెంట పోయి ఎదురింటి అరుగుమీద కూర్చుంటిని.

గంటకుపైగా లోపలినుండి ఏ సవ్వడియు వినరాలేదు. దీపములు పెట్టిన తరువాత వాడు బయటికి వచ్చెను. మొగము వాచియుండెను. పందెమునుగూర్చి, పట్టీనిగూర్చి అంతయు చెప్పితిననెను. ఆమె యేమనెనని యడిగితిని. మొదట తిట్టినదట, చేతిలోనున్న చెంబు గోడకు విసరినదట. పిమ్మట చాలసేపు ఊరకుండి, ఆనాటి ఉదయము వాడేమి తినెనని యడిగినదట. పైకి పోవుచు నర్సీపట్నములో పెసరట్టు, ఉప్మా తిన్నామని, వాడు రెండు పెసరట్లు తిన్నాడని, మూడవది తెమ్మని చెప్పి ఆలస్యమగునని మానినాడని ఇతడు చెప్పెను. ఆమె దానిని మఱల చెప్పించుకొన్నదట.

వాడు ఇప్పటికిని మోటారుసైకిలు విడువలేదు. ప్రతి శనివారము ఆమెను ఎక్కించుకొని ఆంజనేయస్వామి గుడికి తీసికొనిపోవుచున్నాడు. ఆమెకొక చిన్న శిరస్త్రాణము కొన్నాడు. కొప్పుమీద అది సరిగా కూర్చుండదని ఆమె నాతో ఫిర్యాదు చేసినది.